సీలు వేసిన సంచిలో ఫోన్ మోగింది: పోలీసు ఉన్నతాధికారులకు, హోంశాఖ కార్యదర్శులకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒక జిల్లా కోర్టులో పదహారేళ్లుగా క్రిమినల్ కేసులు చూసుకుంటున్న న్యాయవాదిని. పోలీసుల మీద కోపంతో ఈ లేఖ రాయడం లేదు. కోర్టు వరండాలో నాతో కలిసి టీ తాగేవాళ్లలో సగం మంది మీ శాఖవాళ్లే. రాత్రి డ్యూటీ దిగి నేరుగా సాక్ష్యం చెప్పడానికి వచ్చి, పిలుపు వచ్చేదాకా బెంచీ మీదే కునుకు తీసే కానిస్టేబుళ్లను రోజూ చూస్తుంటాను. అయినా ఇలా నలుగురిలో రాయడానికి కారణం ఉంది. ఇదే విషయం మీద సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిదానికి రసీదు దొరికింది. రెండోదానికి అదీ లేదు.

అడుగుతున్నది చిన్న సంగతే. లాక్ చేసి ఉన్న ఫోన్‌ను పోలీసులు ఎప్పుడు తెరవవచ్చు, ఎవరి అనుమతితో, ఎంతవరకు? తెరిచాక లెక్క ఎవరు చెప్పాలి? ముందు జరిగింది చెబుతాను.

పోయిన ఏడాది ఒక ఉదయం వీధి కొట్లాట కేసులో ముగ్గురిని రిమాండ్‌కు తెచ్చారు. బల్ల మీద కేసు ప్రాపర్టీ పెట్టారు: ఒక కర్ర, ఒక చిరిగిన చొక్కా, ఒక తెల్లగుడ్డ సంచి. సంచి మూతికి దారం చుట్టి లక్కసీలు వేశారు, స్వాధీనానికి సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల సంతకాల చీటీ అంటించారు. రెండు కేసుల పిలుపుల మధ్య హాలు కాస్త సద్దుమణిగినప్పుడు ఆ సంచి మోగింది. పలచటి గుడ్డలోంచి వెలుతురు కూడా కనబడింది. మోగి ఆగింది, మళ్లీ మోగింది. కోర్టు కానిస్టేబుల్ దాన్ని అరచేత్తో నొక్కిపట్టాడు. ఆఫ్ చెయ్యాలంటే సీలు తెంచాలి, తెంచితే తన మెడకు చుట్టుకుంటుంది. వెనక కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఫోన్ ముద్దాయిలు ముగ్గురిలో ఎవరిదీ కాదని తర్వాత తెలిసింది. కొట్లాట జరుగుతుంటే బండి ఆపి చూసిన ఒక డెలివరీ కుర్రాడిది. వీడియో తీశాడేమోనని స్టేషన్‌కు తీసుకెళ్లారు. "లాక్ తియ్" అన్నారు. తియ్యనని చెప్పే ధైర్యం లేదు, తియ్యడానికి మనసు రాలేదు, నిలబడిపోయాడు. ఒక కానిస్టేబుల్ ఫోన్‌ను అతని మొహం ముందు పట్టుకుని "ఇటు చూడు" అన్నారు. చూశాడు. తెరుచుకుంది. వీడియో ఏమీ లేదు. వెతకడం మాత్రం అక్కడితో ఆగలేదు. గ్యాలరీ చూశారు, వాట్సాప్ చూశారు, చెల్లెలి ఫొటోల దగ్గర ఆగి "ఎవర్రా ఈ అమ్మాయి" అని అడిగారు. ఈ మాట నాకు చెప్పేటప్పుడు ఆ కుర్రాడు తల ఎత్తలేదు.

మధ్యవర్తుల రిపోర్టులో, అంటే పంచనామాలో, ఇదంతా ఒక్క వాక్యమైంది: "నలుపు రంగు గల టచ్ స్క్రీన్ సెల్‌ఫోన్ ఒకటి, వాడుకలో ఉన్నది." ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు, రాయలేదు. ఎన్ని గంటలకు తెరిచారు, ఎవరు తెరిచారు, ఏం చూశారు, ఒక్క ముక్క లేదు.

ఆ రోజు నవ్వినవాళ్లం తర్వాత ఆలోచించుకోవాల్సింది. ఫోన్ మోగిందంటే నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్‌లోకి మెసేజీలు వస్తూనే ఉంటాయి, యాప్‌లు తమ పని తాము చేసుకుపోతుంటాయి, పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎక్కడో కూర్చుని మొత్తం తుడిచేయనూ వచ్చు. లక్కసీలు గుడ్డసంచిని కాపాడింది, అంతే. ఇలాంటి వస్తువును సిగ్నల్ చొరబడని ఫారడే సంచిలో పెట్టాలి, డేటాకు హ్యాష్ విలువ తీయాలి. హ్యాష్ అంటే డేటా మొత్తానికి లెక్కగట్టిన వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలో దీన్ని రాయాలి. ఆ కుర్రాడి ఫోన్‌కు హ్యాష్ తీసిన దాఖలా ఫైల్లో ఎక్కడా లేదు. సంచి మోగడం ఒక్కటే దాని స్థితి గురించి మాకు దొరికిన సాక్ష్యం.

చట్టం ఏమీ చెప్పలేదా అంటే, చాలానే చెప్పింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. దాంట్లో ప్రభుత్వం వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 ఫోన్లను, వాటిలోని డిజిటల్ సాక్ష్యాన్ని తెప్పించుకునే అధికారం ఇచ్చింది. సెక్షన్ 105 ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ ఆడియో వీడియో రికార్డు చెయ్యాలి, ఆ రికార్డును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. రికార్డింగ్‌కు మొబైల్ ఫోన్ వాడితే మంచిదని కూడా ఆ సెక్షనే అంటోంది. కుర్రాడి ఫోన్ తీసుకున్నప్పుడు ఆ గదిలో కనీసం నాలుగు మొబైళ్లు ఉండి ఉంటాయి. ఒక్కటీ రికార్డు చెయ్యలేదు.

పాస్‌వర్డ్ సంగతికి వస్తే, కోర్టులు ఒక్క మాట మీద లేవు. రాజ్యాంగం ఆర్టికల్ 20(3) ప్రకారం నిందితుణ్ని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చెయ్యకూడదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు ఇష్టం లేకుండా చెయ్యడానికి వీల్లేదంది. కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో, పాస్‌వర్డ్ చెప్పడం తనపై తాను సాక్ష్యం ఇచ్చుకోవడం కిందికి రాదంది. మీ అధికారులు ఈ ఒక్క ముక్కనే పట్టుకుంటారు. అదే తీర్పు ఫోన్ సోదాకు వారంటు కావాలందని, దొరికిన వ్యక్తిగత వివరాలను కోర్టు అనుమతి లేకుండా మూడో మనిషికి ఇవ్వకూడదందని మాత్రం చెప్పరు. 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, విచారణ నడుస్తుండగా పాస్‌వర్డులు చెప్పమని నిందితుణ్ని ఒత్తిడి చెయ్యకూడదంది. హైకోర్టులే తలోమాట అంటుంటే స్టేషన్ రైటర్ ఏం చేస్తాడు? అలవాటైనదే చేస్తాడు.

మార్గదర్శకాలు కావాలని సుప్రీంకోర్టు కూడా కేంద్రాన్ని అడిగింది. 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైట్ వ్యవహారంలో ఢిల్లీలో పదుల సంఖ్యలో పాత్రికేయుల ఇళ్లలో సోదాలు జరిగి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. తర్వాతి నెల 7న సుప్రీంకోర్టు ధర్మాసనం ఇలాంటి స్వాధీనాలకు సరైన మార్గదర్శకాలు ఉండాలని కేంద్రానికి గట్టిగా చెప్పింది. కొత్తవి వచ్చేలోగా కేంద్ర సంస్థలు 2020 నాటి సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తాయని డిసెంబరులో కేంద్రం హామీ ఇచ్చింది. కేంద్ర సంస్థలు, సరే. డెలివరీ కుర్రాడి ఫోన్ తీసుకున్నది సీబీఐ కాదు కదా. దేశంలో ఫోన్లు పోగుపడేది ఊరి స్టేషన్లలో. అక్కడికి ఆ మాన్యువల్ చేరిన జాడ నాకు వచ్చే ఫైళ్లలో కనబడలేదు.

ఇక దీని దెబ్బ ఎవరి మీద ఎలా పడుతోందో వరసగా చెబుతాను.

1. పొట్టకూడు. పదేళ్ల కిందట ఫోన్ పోతే మాట్లాడుకోవడానికి ఇబ్బంది. ఇప్పుడు పని పోతుంది. డెలివరీ కుర్రాడికి ఆర్డరు వచ్చేది ఫోన్‌లో, దారి చూపేది ఫోన్, కూలి జమయ్యేది ఫోన్‌కు ముడిపడ్డ ఖాతాలో. సిమ్ కూడా సంచిలోనే ఉండిపోయింది కాబట్టి ఓటీపీలు రావు. డూప్లికేట్ సిమ్‌కు తిరిగాడు, బ్యాంకు యాప్ మళ్లీ నమోదు చేసుకున్నాడు, అప్పు చేసి ఇంకో ఫోన్ కొన్నాడు. ఈలోగా రోజుల తరబడి లాగిన్ అవ్వనందుకు అతని ఐడీని కంపెనీ ఆపేసింది. అతను ముద్దాయి కాదు, సాక్షి అని మరోసారి గుర్తు చేస్తున్నాను. కేసు ప్రాపర్టీని స్టేషన్లలో నెలల తరబడి మూలబెట్టవద్దని, పదిహేను రోజులు లేదా నెల దాటనివ్వవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కొత్త సంహిత సెక్షన్ 497 ప్రకారం కోర్టు ముందు పెట్టిన ప్రాపర్టీకి 14 రోజుల్లో వివరాల పట్టిక రాయాలి, ఫొటో లేదా వీడియో తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వు ఇవ్వాలి. కానీ మేం పిటిషన్ వేసిన ప్రతిసారీ ప్రాసిక్యూషన్ కౌంటరు ఒకటే: "ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు రావాల్సి ఉన్నది." ఆ కుర్రాడి ఫోన్‌ను ఎఫ్‌ఎస్‌ఎల్‌కు, అంటే ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలకు, పంపనే లేదని మూడో వాయిదాలో బయటపడింది.

2. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చేవాళ్లు. నిజానికి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. లోన్ యాప్ వాళ్లు మార్ఫింగ్ ఫొటోలు పంపి వేధిస్తున్నారని ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. స్టేషన్‌కు తీసుకెళ్లాను. అక్కడ ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్లాలన్నారు. ఎన్నాళ్లని అడిగితే చెప్పలేమన్నారు. ఆవిడ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత "వద్దులెండి సార్, ఆ డబ్బేదో కట్టేస్తాను" అని లేచి వెళ్లిపోయింది. ఆ ఫోన్‌లో ఆవిడ భర్తతో మాట్లాడుకున్న మాటలు ఉంటాయి, డాక్టరుకు పంపిన ఫొటోలు ఉంటాయి. వేధించినవాడి చేతి నుంచి తప్పించుకుందామని వస్తే, ఇక్కడ తెలియని నలుగురి చేతుల్లో ఫోన్ పెట్టాలా అనుకుంది. ఆ ఫిర్యాదు మీ లెక్కల్లోకి ఎప్పటికీ రాదు. నేరాలు తగ్గినట్టు కనబడుతుంది.

3. ఫోన్ ఒక్కరిది, అందులో ఉన్నది అందరిదీ. భార్య పిల్లలు, స్నేహితులు, అప్పిచ్చినవాళ్లు, ప్రేమించినవాళ్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉన్న అరవై మంది. వీళ్లెవరూ ఏ కేసులోనూ లేరు. ఇల్లు సోదా చేస్తే పక్కింటివాళ్ల బీరువా తెరవరు. ఫోన్ సోదాలో రోజూ జరిగేది అదే.

4. నేరం రుజువు కాకుండా పోవడం. ఇది మీకు నచ్చాల్సిన పాయింటు. కోర్టుకు చేరకముందే స్టేషన్‌లో నలుగురు తెరిచి చూసిన ఫోన్‌లో దొరికిన సాక్ష్యాన్ని విరగ్గొట్టడం మా లాంటి వాళ్లకు పెద్ద పని కాదు. "ఈ మెసేజ్ మీరు తెరిచాక వచ్చింది కాదని ఎలా చెప్పగలరు?" అని క్రాస్‌లో ఒక్క ప్రశ్న వేస్తాం. దర్యాప్తు అధికారి దగ్గర హ్యాష్ ఉండదు. నేను ఇలా గెలిచిన కేసులున్నాయి. అన్నీ గెలవాల్సిన కేసులు కావని ఒప్పుకుంటున్నాను. పెద్ద కేసుల్లో ఈ అనుమానం ఇంకా లోతుకు పోతుంది. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన ఉద్యమకారుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా బయటివాళ్లు పత్రాలు చొప్పించారని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. కేసు దర్యాప్తు చేస్తున్న జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో కోర్టు తేల్చాలి. ఈ లోపల ఏళ్ల తరబడి జైల్లో గడిపినవాళ్లున్నారు, తేలకముందే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు.

5. వీధిలో తనిఖీ. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద బండ్లు ఆపి, ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతికిన వీడియోలు అందరూ చూశారు. ఎవరినీ బలవంతం చెయ్యడం లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నారు అప్పట్లో. రోడ్డు పక్కన లాఠీ ముందు నిలబడ్డవాడి ఇష్టం ఎంత ఇష్టమో మీకు నేను చెప్పాలా?

6. వకీలుకూ క్లయింటుకూ మధ్య నడిచిన మాటలు. నా క్లయింట్లు కేసు కాగితాలన్నీ వాట్సాప్‌లోనే పంపుతారు. వాళ్ల ఫోన్ తెరిస్తే నా వాదన కూడా తెరిచినట్టే.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. కొట్టిపారేసేది కాదు. పిల్ల తప్పిపోయిన కేసులో మొదటి ఆరు గంటల విలువ ఏమిటో, సైబర్ మోసంలో డబ్బు ఎంత వేగంగా చేతులు మారుతుందో మీకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు లేరు. కొత్త ఫోన్ల తాళాలు గట్టివన్నదీ నిజమే. ఆరంకెల పిన్‌కు పది లక్షల కలయికలు. పదిసార్లు తప్పు కొడితే డేటా తుడిచేసుకునేలా పెట్టుకోవచ్చు. స్విచాఫ్ చేసి ఆన్ చేసిన ఫోన్‌లో, యజమాని ఒకసారి పిన్ కొట్టేదాకా డేటాలో చాలా భాగం గూఢలిపిలోనే ఉంటుంది. ఐఫోన్లలో 2024 నుంచి, ఆండ్రాయిడ్ ఫోన్లలో 2025 నుంచి మూడు రోజులు తెరవకపోతే దానంతట అదే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు వచ్చింది. అంటే ప్రాపర్టీ రూమ్‌లో పడేసి వారం తర్వాత చూద్దామనుకుంటే పని ఇంకా కష్టమవుతుంది. వేళ మించిపోతుందన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. ఆత్రానికి విరుగుడు ఏమిటంటే అర్ధరాత్రి కూడా ఫోన్ ఎత్తే మేజిస్ట్రేటు, జిల్లాకు ఒక సరైన ఫోరెన్సిక్ బృందం. కుర్రాడి మొహం ముందు ఫోన్ పట్టడం విరుగుడు కాదు.

ఆ మొహం విషయమే ఇంకొంచెం చెప్పాలి. వేలిముద్ర, ముఖం శరీర గుర్తులే కాబట్టి వాటితో తెరిపిస్తే తప్పులేదని కొందరు అధికారులు వాదిస్తారు. 1961లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదకొండుమంది కఠీ కాలూ ఓఘడ్ కేసులో వేలిముద్రలు ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదన్నారు, దాన్ని చూపిస్తారు. ఆ రోజుల్లో వేలిముద్ర అంటే సిరా అద్ది కాగితం మీద నొక్కేది. ఈ మనిషి ఎవరో చెప్పడంతో దాని పని అయిపోయేది. ఇప్పుడు అదే వేలు అద్దం మీద పెడితే ఆ మనిషి పదేళ్ల బతుకు తెరుచుకుంటుంది. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టడం నాకు సబబుగా లేదు. అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో ఇలాంటి తేడానే పట్టుకుంది. అరెస్టయినవాడి జేబు వెతకవచ్చు గానీ, ఫోన్ వెతకాలంటే వారంటు తెచ్చుకోవాలని ఏకగ్రీవంగా చెప్పింది. వాళ్లు చెప్పారు కాబట్టి మనం చెయ్యాలని కాదు, ఆ తర్కం ఎక్కడైనా నిలుస్తుంది.

కంపెనీలే పోలీసుల కోసం ఒక దొంగతాళం పెట్టాలన్న మాట కూడా అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. 2015 డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపిన కేసులో హంతకుడి ఫోన్ కోసం అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇలాగే అడిగింది, ఆపిల్ కాదంది, వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి 2016 మార్చిలో వేరేవాళ్ల సాయంతో ఫోన్ తెరిచామని ఎఫ్‌బీఐయే కేసు వెనక్కి తీసుకుంది. మన ఐటీ చట్టం సెక్షన్ 69 ఇప్పటికే డేటాను విప్పి ఇమ్మని ఆదేశించే అధికారం ఇచ్చింది, సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. దానికైనా హోంశాఖ కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు ఉండాలి. కార్యదర్శి సంతకం కావాల్సిన పనిని స్టేషన్ బల్ల దగ్గర ఒక్క "లాక్ తియ్" అన్న మాటతో కానిచ్చేస్తున్నాం. పైగా ఫోన్ తెరిచే సాధనం చేతిలో ఉంటే అది తెరవడంతో ఆగుతుందన్న నమ్మకం లేదు. సెర్బియాలో పోలీసులు ఫోన్ల తాళాలు తెరిచే సెలెబ్రైట్ అనే కంపెనీ సాధనంతో పాత్రికేయుల, ఉద్యమకారుల ఫోన్లు తెరిచి నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కించారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2024 డిసెంబరులో బయటపెట్టింది.

మేం కోరుతున్నవి ఇవి.

1. ఫోన్ లోపల వెతకడానికి మేజిస్ట్రేట్ వారంటు ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ యాప్, ఏ రకం సమాచారం అన్నది అందులో రాయాలి. ప్రాణాపాయం, అపహరణ లాంటి అత్యవసరాల్లో వారంటు లేకుండా చూడక తప్పకపోతే, సంహిత సెక్షన్ 185లో ఉన్నట్టు కారణాలు ముందే రాతలో పెట్టి, 48 గంటల్లో మేజిస్ట్రేట్‌కు పంపాలి.

2. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరి వేలునూ ముఖాన్నీ వాడి ఫోన్ తెరవరాదు. పాస్‌వర్డ్ చెప్పకపోవడాన్ని రిమాండ్ రిపోర్టులో "దర్యాప్తుకు సహకరించడం లేదు" అని రాయడం మానాలి. "ఇష్టపూర్వకంగా ఇచ్చాడు" అని రాసేచోట, ఇవ్వనక్కర్లేదని ముందే చెప్పినట్టు వీడియో ఉండాలి.

3. స్వాధీనం చేసుకున్న నిమిషంలోనే ఐఎంఈఐ, మోడల్, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, లాక్ అయి ఉందా, సమయం ఎంత అన్నవి రాయాలి. ఫారడే సంచి వాడాలి. సెక్షన్ 105 వీడియో తీయాలి. డేటా నకలు తీసిన రోజే హ్యాష్ విలువ కాగితాన్ని యజమాని చేతికి ఇవ్వాలి.

4. సాక్షులు, ఫిర్యాదుదారుల ఫోన్లను అవసరమైన భాగం నకలు తీసుకుని అక్కడికక్కడే, కుదరకపోతే ఏడు రోజుల్లో తిరిగివ్వాలి. సిమ్ మాత్రం ఆ రోజే ఇవ్వాలి. నిందితుల ఫోన్లకు నెల గడువు. దాటితే కారణం కోర్టుకు చెప్పుకోవాలి.

5. కేసుతో సంబంధం లేని డేటాను తుడిచేసి, తుడిచినట్టు రాసివ్వాలి. సోదాలో చూసిన ఫొటోలు, చాటింగులు అధికారుల సొంత ఫోన్లలోకి, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపుల్లోకి, మర్నాడు టీవీల్లోకి చేరుతున్న సంగతి మీకూ తెలుసు. అలా బయటపెట్టినవాళ్లపై శాఖాపరమైన చర్య ఉండాలి.

6. ఫోన్లు తెరిచే సాధనాలు ఏ యూనిట్ దగ్గర ఉన్నాయి, ఏడాదిలో ఎన్ని కేసుల్లో వాడారు అన్నది ప్రకటించాలి. ప్రతి వాడకానికీ కేసు నంబరుతో లాగ్ ఉండాలి. లెక్క లేని అధికారం ఎటు దారితీస్తుందన్న భయం ఊరికే రాలేదు. ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో 2024లో తెలంగాణలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆ కేసు తేలాల్సి ఉంది.

7. వీధి తనిఖీల్లో ఫోన్ అడగకూడదని ఒక్క వాక్యం సర్క్యులర్ చాలు. రేపు ఉదయమే ఇవ్వవచ్చు.

8. ఇది మీ సిబ్బంది కోసం. ప్రతి స్టేషన్‌కూ ఫారడే సంచులు, హ్యాష్ తీయడంలో శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు, ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఖాళీల భర్తీ. సంచి మోగినప్పుడు ఏం చెయ్యాలో తెలియక నలుగురి ముందు నవ్వులపాలైనవాడు కింది కానిస్టేబులే. అతనికి ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు.

వీటిలో మొదటిదానికీ రెండోదానికీ చట్టం మార్చాల్సి వస్తుందని మీ న్యాయ విభాగం అనవచ్చు. మిగతావన్నీ ఒక్క స్టాండింగ్ ఆర్డరుతో అయ్యే పనులే. చట్టం మారేలోగా ఈ రెండింటినీ శాఖాపరమైన నియమంగా పెట్టుకోవడానికి కూడా ఏ సెక్షనూ అడ్డం లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన ఆదాయపు పన్ను చట్టం-2025 కూడా సెక్షన్ 247లో, కంప్యూటర్ యాక్సెస్ కోడ్ తెలియకపోతే దాన్ని దాటి లోపలికి వెళ్లే అధికారం సోదా అధికారులకు రాసిచ్చింది. అధికారాన్ని రాతలో పెట్టడానికి తీరిక దొరికినప్పుడు, దానికి హద్దులు రాయడానికీ దొరకాలి.

ఆ డెలివరీ కుర్రాడి ఫోన్ పది నెలలుగా ప్రాపర్టీ రూమ్‌లో ఉంది. సెక్షన్ 497 కింద మేం వేసిన పిటిషన్ అయిదో వాయిదాకు వచ్చింది. ఈ లేఖ ప్రతిని హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు పంపుతున్నాం. ముప్పై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. రాకపోతే రిట్ వేస్తాం, అందులో మొదటి అనుబంధం ఆ ఒక్క వాక్యం మధ్యవర్తుల రిపోర్టే.

ఇట్లు,
జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ఒక న్యాయవాది